ముడిసరుకు మీద నిబంధనలు పెరిగితే చిన్న మందుల యూనిట్ నిలబడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వరంగల్ కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో బీఫార్మసీ చేశారు, హైదరాబాద్ జీడిమెట్లలో కొన్నేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేశారు. వరంగల్ దగ్గర మడికొండలో మామగారి షెడ్ ఖాళీగా ఉంది. అక్కడ సిరప్‌లు, టాబ్లెట్లు చేసే చిన్న యూనిట్ పెడదామని ఆలోచన. కానీ "అన్నా, ముడిసరుకు మీద రోజుకో రూల్ వస్తున్నది, ప్రతి డ్రమ్మూ టెస్ట్ చేయాలంటున్నరు, ఇట్లయితే చిన్నోళ్లు బతుకుతరా, ఇదంతా పెద్ద కంపెనీల కోసమేనా?" అని మీ టెన్షన్.

బతుకుతారు. అయితే అందరూ బతకరు. ఎవరు నిలబడతారో మీ టర్నోవర్‌ను చూసి చెప్పలేం. మీరు ఎన్ని ప్రొడక్టులు చేస్తారు, ఒక్కో బ్యాచ్ ఎంత పెద్దది, ముడిసరుకు ఎవరి దగ్గర కొంటారు అన్న మూడు విషయాలు చూస్తే చాలావరకు చెప్పొచ్చు. నేను క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టుగా మొదలై క్వాలిటీ అష్యూరెన్స్‌లో ఎక్కువ కాలం పనిచేసినవాణ్ని. మూతపడిన చిన్న యూనిట్లనూ చూశాను, అదే ఏరియాలో నిలదొక్కుకున్నవాటినీ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. సిరప్‌లో మందు కరగడానికి, చిక్కదనానికి, తీపికి మనం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ వాడతాం. వీటిని ఎక్సిపియెంట్లు అంటాం. జబ్బును తగ్గించేది ఇవి కాదు కాబట్టి చాలామంది వీటిని పట్టించుకోరు. కానీ దగ్గు సిరప్‌లు తాగి పిల్లలు చనిపోయింది వీటిలో కలిసి వచ్చిన విషం వల్లే. డైఇథిలీన్ గ్లైకాల్ (డీఈజీ) అనే ద్రవం రెసిన్లు, బ్రేక్ ఫ్లూయిడ్ లాంటి పారిశ్రామిక అవసరాలకు వాడేది. రంగు ఉండదు, చిక్కగా, తియ్యగా ఉంటుంది, మందుల గ్రేడ్ గ్లిజరిన్ కన్నా చవక. కంటితో చూసి తేడా పట్టలేం. ఒంట్లోకి వెళ్తే కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. మందుల ప్రమాణాల పుస్తకం ఫార్మకోపియా దీనికి పెట్టిన హద్దు 0.1 శాతం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లల్ని పొట్టనపెట్టుకున్న దగ్గు సిరప్‌లో తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ కనుక్కున్నది 48.6 శాతం. అంటే దాదాపు సగం సీసా విషమే. మందులకు పనికిరాని గ్రేడ్ ప్రొపిలీన్ గ్లైకాల్ కొని వాడినట్టు అక్కడి తనిఖీలో తేలింది.

ఇది మొదటిసారి కూడా కాదు. 1972లో మద్రాసు, 1986లో ముంబై జేజే ఆసుపత్రి, 1998లో గుర్గావ్, 2019-20 చలికాలంలో జమ్మూలోని రామ్‌నగర్. 2022లో మన దేశం నుంచి వెళ్లిన సిరప్‌లు తాగి గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు చనిపోయారు. దాదాపు ప్రతిసారీ విషం అదే, లోపలికి వచ్చిన దారీ అలాంటిదే. ఎవరో ఒకరు డ్రమ్ము మీద లేబుల్‌ను నమ్మారు.

ఆ దారి ఎలా ఉంటుందో 2006 నాటి పనామా ఘటన చూస్తే అర్థమవుతుంది. చైనాలో ఒక ఫ్యాక్టరీ తయారుచేసిన 46 డ్రమ్ముల ద్రవాన్ని బీజింగ్‌లో ఒక ట్రేడర్, స్పెయిన్‌లో ఇంకో ట్రేడర్, పనామాలో మరో ట్రేడర్ చేతులు మార్చారు. ప్రతి చేతి దగ్గరా కాగితాలు మారాయి, సర్టిఫికెట్ మీద అసలు తయారీదారు పేరు పోయింది, 99.5 శాతం స్వచ్ఛమైన గ్లిజరిన్ అన్న మాట మాత్రం మిగిలింది. మధ్యలో ఒక్కరు కూడా డ్రమ్ము మూత తీసి పరీక్ష చేయలేదు. చివరికి ప్రభుత్వ ల్యాబ్‌లోనే దానితో సిరప్ కలిపారు. వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి.

మన చట్టం సంగతికి వద్దాం. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో సెక్షన్ 3(బి) తీసి చదవండి. మందులో భాగంగా వాడే పదార్థాలన్నీ, ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌తో సహా, మందు కిందికే వస్తాయని ఉంటుంది. అంటే చట్టం ప్రకారం ఎక్సిపియెంట్ కూడా మందే. ఆచరణలో మాత్రం ఇన్నేళ్లూ లైసెన్సులు, తనిఖీలు, లేబుళ్లు అన్నీ ఏపీఐ (జబ్బును తగ్గించే అసలు పదార్థం) చుట్టూ, తయారైన సీసా చుట్టూ తిరిగాయి. 2023 జనవరి 1 నుంచి ప్రతి ఏపీఐ ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. తయారీదారు ఎవరు, బ్యాచ్ ఏది, రీటెస్ట్ తేదీ ఎప్పుడు అన్నీ అందులో ఉండాలి. మంచి నిబంధనే. కానీ అది ఏపీఐలకే. గ్లిజరిన్ డ్రమ్ముకు ఆ కోడ్ లేదు. ప్రాణాలు తీసిన ద్రవం కోడ్ లేని వైపు నుంచి వచ్చింది. ఛింద్వాడా తర్వాత ఇలాంటి ప్రమాదకర సాల్వెంట్ల తయారీని, అమ్మకాన్ని కేంద్రం ఆన్‌లైన్ లైసెన్సింగ్ పోర్టల్‌లో బ్యాచ్‌ల వారీగా నమోదు చేయమంది. ఆలస్యంగా వచ్చినా నా దృష్టిలో ఈ మొత్తం వరసలో అన్నిటికన్నా పనికొచ్చే అడుగు అదే.

ఎందుకంటే నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. ముడిసరుకు తయారీదారుకు, దాంతో మందు చేసే ఫార్ములేటర్‌కు మధ్య ఒక ట్రేడర్ ఉంటాడు. పెద్ద ట్యాంకర్‌లో వచ్చిన సరుకును డ్రమ్ముల్లోకి, డ్రమ్ముల్లోంచి క్యాన్లలోకి నింపి అమ్ముతాడు. మందు పదార్థాన్ని రీప్యాక్ చేయడానికి విడిగా లైసెన్స్ ఉంది, ఫారం 25-బి. పెయింట్ల వాళ్లకూ, మందుల వాళ్లకూ ఒకే గోడౌన్ నుంచి సరుకు అమ్మే వ్యాపారి దగ్గర అది ఉంటుందా? పెద్ద కంపెనీ నేరుగా తయారీదారు నుంచి ట్యాంకర్ తెప్పించుకుంటుంది. నెలకు ఒక డ్రమ్ము వాడే చిన్న యూనిట్‌కు తయారీదారు ఫోన్ కూడా ఎత్తడు. కాబట్టి చిన్నవాడు ట్రేడర్ దగ్గరకే పోవాలి. ప్రమాదం ఎక్కువ ఉన్న దారి చిన్నవాడికి, శుభ్రమైన దారి పెద్దవాడికి. అందరూ డ్రమ్ము టెస్ట్ చేయండి అని చెప్పి ఊరుకుంటే బరువంతా చిట్టచివరి లైసెన్సుదారు నెత్తిన పడుతుంది. మధ్యలో ఉన్న గోడౌన్ల మీద తనిఖీలు పెంచితే అదే బరువు సగానికి దిగుతుంది.

నేను పనిచేసిన ఒక చోట జరిగింది చెబుతాను. ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ములు వచ్చాయి. పేరున్న తయారీదారు లేబుల్, సీల్ సరిగ్గానే ఉంది, సీఓఏ (పరీక్ష ఫలితాల సర్టిఫికెట్) జతచేసి ఉంది. సీఓఏ మీద బ్యాచ్ నంబరుకూ, డ్రమ్ము మీద బ్యాచ్ నంబరుకూ ఒక అంకె తేడా. పర్చేజ్ వాళ్లు అది టైపింగ్ తప్పు, రేపు బ్యాచ్ ఎక్కించాలి, రిలీజ్ చేయండి అని ఒత్తిడి పెట్టారు. మా మేనేజర్ ఆ రెండు నంబర్లనూ తయారీదారుకే మెయిల్ చేయించారు. డ్రమ్ము మీద ఉన్న బ్యాచ్ తాము తయారుచేయలేదని జవాబు వచ్చింది. సరుకు వెనక్కి పంపాం, లైన్ కొన్ని రోజులు ఆగింది. ఆ మెయిల్‌కు ఖర్చు లేదు, జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం) అక్కర్లేదు. మీ యూనిట్‌లో మొదటి రోజు నుంచీ పెట్టుకోవాల్సిన అలవాటు ఇది. సీఓఏను ట్రేడర్ ఇచ్చిన కాగితంగా తీసుకోకండి, తయారీదారు నుంచి నేరుగా ధ్రువీకరించుకోండి.

ఇప్పుడు లెక్క. ఇది మీరే కూర్చుని వేసుకోవాలి, నేను ఊరికే అంకెలు పెట్టి చూపిస్తాను. ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ము మామూలుగా 215 కిలోలు. వెయ్యి లీటర్ల సిరప్ బ్యాచ్‌కు 50 కిలోలు పడుతుందనుకుందాం. ఒక డ్రమ్ము నాలుగు బ్యాచ్‌లకు వస్తుంది. 100 మిల్లీలీటర్ల సీసాలైతే బ్యాచ్‌కు 10 వేలు, నాలుగు బ్యాచ్‌లకు 40 వేలు. బయటి ల్యాబ్‌లో జీసీ మీద డీఈజీ, దానిలాంటి మరో విషం ఇథిలీన్ గ్లైకాల్ (ఈజీ) పరీక్షకు 6 వేల రూపాయలు అనుకుందాం. డ్రమ్ముకు ఒకసారి, తయారైన ప్రతి బ్యాచ్‌కు ఒకసారి, మొత్తం ఐదు పరీక్షలు, 30 వేలు. సీసాకు 75 పైసలు. ఈ 75 పైసలకు ఏ యూనిట్టూ మూతపడదు.

అదే యూనిట్ 200 లీటర్ల బ్యాచ్‌లు చేస్తే? బ్యాచ్‌కు 2 వేల సీసాలు. తయారైన బ్యాచ్ పరీక్ష ఒక్కటే సీసాకు 3 రూపాయలు పడుతుంది. దానిమీద మిగతా పరీక్షలు, మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ, రికార్డులు, యంత్రాలు శుభ్రమయ్యాయని నిరూపించే క్లీనింగ్ వాలిడేషన్ కూడా కలుపుకోండి. పరీక్ష ఖర్చు లీటర్లను బట్టి మారదు, బ్యాచ్‌కు ఇంత అని పడుతుంది. హైదరాబాద్ శివార్లలో నేను చూసిన చాలా యూనిట్లలో ఇదే జబ్బు. అరవై డెబ్బై ప్రొడక్టులు, ఎవరు ఏ బ్రాండ్ పేరు తెచ్చినా చేసిపెట్టడం, అన్నీ చిన్న బ్యాచ్‌లే. రూల్స్ అమలు గట్టిగా లేని రోజుల్లో అది నడిచింది. ఇప్పుడు నడవదు, నడవకూడదు కూడా. నాలుగైదు ప్రొడక్టులు పెట్టుకుని పూర్తి సైజు బ్యాచ్‌లు చేసే చిన్న యూనిట్‌కు ఈ రూల్స్ ప్రాణాంతకం కావు.

మందుల ఫ్యాక్టరీ ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎం గురించి ఎక్కువ చెప్పను. మీరు ప్రొడక్షన్‌లో ఉన్నారు, తెలిసే ఉంటుంది. సవరించిన షెడ్యూల్ ఎం 2023 డిసెంబర్ 28 నాటి నోటిఫికేషన్‌తో వచ్చింది. 250 కోట్ల పైన టర్నోవర్ ఉన్నవాళ్లకు ఆరు నెలలు, ఆ లోపు వాళ్లకు ఏడాది గడువు ఇచ్చారు, తర్వాత దరఖాస్తు చేసుకున్న చిన్న యూనిట్లకు 2025 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. కొత్తగా పెట్టే మీకు గడువు అనేదే లేదు, మొదటి రోజు నుంచే అది వర్తిస్తుంది. ముడిసరుకు విషయంలో అది అడిగేవి ప్రధానంగా వెండర్‌ను పరిశీలించి ఆమోదించడం, ప్రతి కంటైనర్‌లో ఉన్నది లేబుల్ మీద రాసిందేనని నిర్ధారించుకోవడం, రిలీజ్ అయ్యేదాకా సరుకును క్వారంటైన్‌లో ఉంచడం. పాత రేకుల షెడ్‌ను దీనికి సరిపెట్టడం కష్టం. గాలి నాణ్యత, తేమ, పైకప్పు, సరుకూ మనుషులూ కదిలే దారులు, శాంప్లింగ్ బూత్ అన్నీ మొదటే డ్రాయింగ్‌లో ఉండాలి. షెడ్ ఉంది కదా అని దాంట్లో ప్లాంట్‌ను ఇరికించడం తలకిందుల ఆలోచన. మామగారికి ఈ మాట మీరు చెప్పలేకపోతే నా పేరు మీద చెప్పండి.

ఇక ఏపీఐ వైపు. ఇక్కడ చిన్న యూనిట్ రెండు వైపుల నుంచీ నలుగుతుంది. మన దేశం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో (ఏపీఐలు, వాటి ముడి పదార్థాలు) సుమారు 70 శాతం చైనా నుంచే వస్తాయి. ఎప్పుడూ ఇలా లేదు. 1961లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ మొదలైంది, దాని సింథటిక్ డ్రగ్స్ ప్లాంట్ హైదరాబాద్ బాలానగర్‌లో పెట్టారు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి పెట్టిన కంపెనీలతోనే హైదరాబాద్ బల్క్ డ్రగ్ ఊరైంది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన డాక్టర్ అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. పింప్రీలో 1954 నుంచి ఉన్న హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ పెన్సిలిన్ చేసేది. తర్వాత చైనా నుంచి చవకగా రావడం మొదలయ్యాక మన ఫెర్మెంటేషన్ ప్లాంట్లు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పెన్సిలిన్-జి లేకపోతే దాని నుంచి చేసే 6-ఏపీఏ లేదు, 6-ఏపీఏ లేకపోతే అమాక్సిసిలిన్ లేదు. రోజూ కొన్ని లక్షల మంది మింగే యాంటీబయాటిక్‌కు మొదటి మెట్టే మన చేతుల్లో లేకుండా పోయింది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది. మార్చి 3న కేంద్రం పారాసిటమాల్‌తో సహా 26 ఏపీఐలు, వాటితో చేసిన మందుల (ఫార్ములేషన్ల) ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఆ ఏడాదే దేశంలో తయారీకి ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్‌ఐ పథకం తెచ్చింది, 6,940 కోట్లతో 41 రకాల సరుకుకు. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంట్, హిమాచల్‌లోని నాలాగఢ్‌లో క్లావులానిక్ యాసిడ్ ప్లాంట్ దానివల్లే వచ్చాయి. మూడు బల్క్ డ్రగ్ పార్కులు గుజరాత్, హిమాచల్, ఆంధ్రప్రదేశ్‌లకు వెళ్లాయి, తెలంగాణకు రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దేశంలో ఏపీఐ చేసేవాణ్ని కాపాడాలంటే చవక దిగుమతికి అడ్డుకట్ట వేయాలి. అడ్డుకట్ట వేస్తే ఏపీఐ కొనే చిన్న ఫార్ములేటర్‌కు ధర పెరుగుతుంది. అతను అమ్మే మందు ధర మాత్రం మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు (డీపీసీఓ) 2013 కింద కట్టేసి ఉంటుంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి సీలింగ్ ధరను ఏటా టోకు ధరల సూచీని బట్టే సవరిస్తారు. 2023లో ఆ పెంపు 12 శాతం దాటింది. 2024లో 0.00551 శాతం, అంటే ఏమీ లేనట్టే. 2025లో 1.74 శాతం. ముడిసరుకు రేటు మాత్రం సూచీని చూసి పెరగదు కదా. 2024 అక్టోబర్‌లో మందుల ధరలు నిర్ణయించే ఎన్‌పీపీఏ బెంజైల్ పెన్సిలిన్, సాల్బుటమాల్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఎనిమిది మందుల సీలింగ్ ధరను 50 శాతం పెంచింది. ఆ ధరకు ఎవరికీ గిట్టక, తయారీ ఆగిపోయే పరిస్థితి వచ్చిందని కంపెనీలు దరఖాస్తులు పెట్టుకుంటే చేసిన పని అది. చవకగా దొరకాలన్న మందు అసలే దొరకకుండా పోతే పేషెంటుకు ఏం లాభం?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముడిసరుకు నాణ్యత మీద నియంత్రణ ఎంత గట్టిగా ఉన్నా నేను వెనకేసుకొస్తాను. దిగుమతి ధర మీద కట్టడి మాత్రం ఆచితూచి పెట్టాలి, అదే సమయంలో సీలింగ్ ధరను సవరించే దారీ తెరవాలి. లేకపోతే మీలాంటివాళ్లు నాణ్యమైన ఏపీఐ కొనలేక చవకదాని వైపు చూస్తారు. పెద్ద కంపెనీ సొంతంగా ఏపీఐ చేసుకుంటుంది, ఆ దెబ్బ దానికి తగలదు. "ఇదంతా పెద్దవాళ్ల కోసమేనా" అన్న మీ అనుమానంలో నిజం ఉన్నది ఇక్కడే. డ్రమ్ము టెస్టింగ్‌లో లేదు.

నియంత్రణ లేకపోతే పెద్దవాళ్లూ దెబ్బతింటారనడానికి 2018 నాటి వల్సార్టాన్ (బీపీ మందు) ఘటన గుర్తుచేసుకోండి. చైనాలో ఒక ఏపీఐ తయారీదారు దిగుబడి పెంచుకోవడానికి ప్రాసెస్ మార్చాడు. కొత్త దారిలో డీఎంఎఫ్ సాల్వెంట్, సోడియం నైట్రైట్ కలిసి ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం పుట్టింది. ఫార్మకోపియా పరీక్షలో అది కనపడదు, ఎందుకంటే అక్కడ దాన్ని ఎవరూ వెతకలేదు. ప్రపంచమంతా స్టాకు వెనక్కి పిలిచారు. కాబట్టి మీ ఏపీఐ వెండర్‌తో చేసుకునే ఒప్పందంలో ప్రాసెస్ మార్చితే ముందే చెప్పాలన్న షరతు తప్పకుండా రాయించుకోండి.

ఉత్తర తెలంగాణవాళ్లం కాబట్టి ఇంకో విషయం కూడా చెప్పాలి. ముడిసరుకు నియంత్రణ అంటే నాణ్యత ఒక్కటే అనుకోకండి, దారి మళ్లకుండా చూడటం కూడా అందులో భాగమే. నిజామాబాద్, కామారెడ్డి, మెదక్ వైపు కల్తీ కల్లు సంగతి మీకు కొత్త కాదు. అందులో కలిపేది అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు. కల్లు దొరకని రోజు మనుషులు వణికిపోయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు రావడం మన ప్రాంతంలో డాక్టర్లందరికీ తెలుసు. ఆ పొడి ఆకాశం నుంచి ఊడిపడదు, రసాయనాలు కలిపే రియాక్టర్ ఉన్న చోటే తయారవుతుంది. నష్టాల్లో మూతపడిన బల్క్ డ్రగ్ షెడ్‌లను అద్దెకు తీసుకుని ఈ పని చేస్తూ దొరికినవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద 100 గ్రాముల అల్ప్రాజోలం అంటేనే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. 100 గ్రాములంటే అర మిల్లీగ్రాము టాబ్లెట్లు రెండు లక్షలు. అంత కొంచెం పొడితో ఎన్ని ఊళ్లు పాడవుతాయో ఆలోచించండి.

దీనివల్ల నిజాయితీగా చేసేవాళ్ల మీద కూడా రిజిస్టర్లు, కన్‌సైన్‌మెంట్ నోట్లు, తనిఖీలు పెరిగాయి. ఇబ్బందే, కానీ మన ఊళ్లలో దాని ఫలితం చూసినవాడిగా నాకు ఫిర్యాదు లేదు. మీరు మాత్రం మొదటి ఐదేళ్లు మత్తు కలిగించే సైకోట్రోపిక్, కోడీన్ ప్రొడక్టుల జోలికి పోకండి. మార్జిన్ బాగుంటుందని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. షెడ్‌లో సగం సబ్‌లీజుకు అడిగేవాళ్లూ వస్తారు. ఇద్దరికీ వద్దని చెప్పండి.

మన వరంగల్‌లో ఏం చేయొచ్చు? బల్క్ డ్రగ్ మాట మర్చిపోండి. అది కాలుష్య మండలి లెక్కలో రెడ్ (ఎక్కువ కాలుష్యం) కేటగిరీ, పర్యావరణ అనుమతి కావాలి. పటాన్‌చెరు, బొల్లారం చెరువులు, బోర్లు ఏమయ్యాయో చూశాం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించారు. అలాంటిది మడికొండకు రావాలని నేను కోరుకోను. ఫార్ములేషన్ ఆరెంజ్ కేటగిరీలో ఉంటుంది, అది చేయొచ్చు.

నాకు మనసులో ఎప్పటి నుంచో ఉన్న కోరిక ఇంకోటి ఉంది, ఎక్సిపియెంట్లు. మక్క మన దగ్గర పండుతుంది, పత్తికి ఎనుమాముల మార్కెట్ ఉంది. మక్క నుంచి స్టార్చ్, దాని నుంచి సార్బిటాల్ వస్తాయి. టాబ్లెట్లలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్‌ను కలప గుజ్జుతో ఎక్కువగా చేస్తారు కానీ పత్తి లింటర్ (గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు) నుంచి కూడా చేయొచ్చు. పంట మన దగ్గరిది, మందుల గ్రేడ్ సరుకు మాత్రం బయటి నుంచి కొంటున్నాం. ఎక్సిపియెంట్ల మీద నియంత్రణ గట్టిపడితే గ్రేడ్ లేని సరుకు అమ్మేవాడు తప్పుకుంటాడు, సరైన సరుకు చేసేవాడికి చోటు దొరుకుతుంది. నియంత్రణ దేశీయ తయారీకి మేలుచేసేది ఇలాగే. అయితే ఇది మీ ఒక్క షెడ్‌తో అయ్యే పని కాదు, పెట్టుబడి పెద్దది. ప్రమాదం కూడా చిన్నది కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలిన ఫ్యాక్టరీ చేసేది ఈ సెల్యులోజ్ పొడినే. పొడే కదా అని తేలిగ్గా తీసుకునే పరిశ్రమ కాదిది.

అంతకన్నా ముందు అవసరమైనది ఉమ్మడి ల్యాబ్. కేయూ ఫార్మసీ కాలేజీ, నిట్ రెండూ ఉన్న ఊరు మనది. పరికరాలు, చదువుకున్న పిల్లలు ఉన్నారు. కానీ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. కాలేజీలో జీసీ ఉంది కదా అని అక్కడ చేయించిన రిపోర్టు చట్టం ముందు చెల్లదు, ఆ ల్యాబ్‌కు ఫారం 37 ఆమోదం ఉండాలి. ఆ ఆమోదం ఉన్న ల్యాబ్ ఒకటి వరంగల్‌లో నడిస్తే డ్రమ్ము శాంపిల్ హైదరాబాద్ పంపి రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు తగ్గుతాయి. కేంద్రం ఉమ్మడి సదుపాయాలకు ఒక క్లస్టర్‌కు 20 కోట్లు లేదా ఖర్చులో 70 శాతం, ఏది తక్కువైతే అది, ఇచ్చే పథకం పెట్టింది. ఇలాంటిదాన్ని వాడుకోవాలంటే నలుగురైదుగురు యూనిట్ల వాళ్లు కలవాలి. మన దగ్గర ఆ నలుగురు ఇంకా లేరు, మీరు మొదటివారు కావచ్చు. ఇప్పటికే యూనిట్ నడుపుతున్న మీ స్నేహితులు ఉంటే వాళ్లకు చెప్పండి: 500 కోట్లలోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు షెడ్యూల్ ఎం స్థాయికి ఎదగడానికి కోటి రూపాయల దాకా తిరిగిచ్చే పథకం 2024లో వచ్చింది, ఇప్పుడూ నడుస్తున్నదో లేదో కనుక్కోమనండి.

మీకు నా సలహా, షెడ్ పని మొదలుపెట్టకుండా ముందు లోన్ లైసెన్స్ తీసుకోండి. ఫారం 25-ఎ మీద, మంచి పేరున్న ఇంకొకరి ప్లాంట్‌లో మీ ప్రొడక్టులు రెండు చేయించండి. ముడిసరుకు కొనుగోలు, వెండర్ ఆమోదం మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి. ఏడాది, ఏడాదిన్నరలో ఏ మందుకు ఆర్డర్లు నిలకడగా ఉన్నాయో, ఏ ముడిసరుకు ఎప్పుడు దొరకదో మీకే తెలుస్తుంది. సొంత యూనిట్‌కు వెళ్లేటప్పుడు ముందు టాబ్లెట్లు పెట్టండి, పిల్లల సిరప్‌లు తర్వాత. జీసీ సొంతంగా కొనే స్థోమత వచ్చేదాకా సిరప్ లైన్ వద్దు. టీఎల్‌సీ (పలక మీద చుక్క పెట్టి చేసే తేలికైన పరీక్ష) మీద డీఈజీని ప్రాథమికంగా పట్టే పద్ధతి డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చింది, ఖర్చు తక్కువ, డ్రమ్ము రాగానే వడపోతకు బాగుంటుంది. కానీ రిలీజ్‌కు దాన్నే ఆధారం చేసుకోవద్దు.

ఒక మంచి క్వాలిటీ కంట్రోల్ కెమిస్టును మాత్రం మొదటే తీసుకోండి. పర్చేజ్ మేనేజర్ కన్నా ముందు. అతని సంతకం లేకుండా మీరు కూడా డ్రమ్ము కదిలించలేని విధంగా పద్ధతి రాసుకోండి. ఓనర్ మీరే అయినా సరే.

ఇప్పుడు మీరు చేయాలనుకుంటున్న నాలుగైదు ప్రొడక్టుల పేర్లు, ఒక్కోదానిలో వాడే ముడిసరుకుల జాబితా ఇక్కడ పెట్టండి. మోతాదులు, ఫార్ములా వద్దు, పేర్లు చాలు. ఏ పరీక్ష మీ ల్యాబ్‌లోనే జరగాలి, ఏది ఆమోదం ఉన్న బయటి ల్యాబ్‌లో చేయించొచ్చు, దేనికి ట్రేడర్ దగ్గర అస్సలు కొనకూడదో పేరుపేరునా రాసి ఇస్తాను.